కూల్చే ముందు ఒకసారి చూద్దాం: మన హాలు, నలుపు తెలుపు ఫోటోలు

ఈ రాత కాస్త పొడుగు. పక్కన కాఫీ పెట్టుకుని తీరికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళము. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర, వీధిలో సినిమా పోస్టర్ల దగ్గర నేర్చుకున్నాము. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే దిద్దుకోండి. మేము అంటే మా ఇంట్లో ఇద్దరమూ అని మీకు తెలిసిందే. ఇంటావిడ చదివి సరే అన్నాకే ఏ రాతైనా ఇక్కడికి వస్తుంది.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల ఒక అమ్మాయి మన సంఘం హాలును ఫోటోలు తీసి మన గ్రూపులో పెట్టింది. ఆర్కిటెక్చర్ చదువుతున్న మన బిడ్డే. మొత్తం పన్నెండు ఫోటోలు, అన్నీ బ్లాక్ అండ్ వైట్. ఒక్కదానిలోనూ పెళ్ళి లేదు, పూలదండ లేదు, మనిషి లేడు. గోడ, మెట్లు, నీడ, అంతే. దానికి మనం ఏమి రాసినాము? "పాపా, ఫోన్ పాడయిందా?" అని ఒకరు. "కన్నీటి అంజలి పోస్టరు మాదిరి ఉంది" అని ఇంకొకరు. "ఈ డబ్బాకు ఫోటో ఒక కేడా?" అని మూడో ఆయన. మేము కూడా మా వంతుకు ఒక నవ్వు బొమ్మ పెట్టినాము. సాయంత్రానికి ఆ బిడ్డ పన్నెండు ఫోటోలూ తీసేసింది.

రెండు రోజుల తరువాత మా మనవడు, తన ఫోన్లో దాచుకున్న ఆ ఫోటోలను టీవీలో పెద్దగా పెట్టి చూపించినాడు. "తాతా, నవ్వినావు కదా, ఇప్పుడు చూడు" అన్నాడు. చూసినాము. ఇంటావిడ మూడో ఫోటో దగ్గర ఆపమంది. "ఇది మన హాలేనా?" అని అడిగింది. ఆ హాల్లోనే మా పెళ్ళి జరిగింది. మా అబ్బాయి అన్నప్రాశన అక్కడే. మా నాయన సంతాప సభ అక్కడే. అయినా ఆ ఇంటావిడ ఆ ప్రశ్న అడిగింది, మా దగ్గర జవాబు లేదు.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఆ హాలును కూల్చి ఏసీ కల్యాణ మండపం కట్టాలనే తీర్మానం వస్తోంది. కమిటీ వాళ్ళు మంచి మనసుతోనే తెస్తున్నారు, అందులో మాకు అనుమానం లేదు. చేయి ఎత్తే ముందు ఆ పన్నెండు ఫోటోలు అందరూ చూడాలి అనేదే మా మాట. ఎందుకో చెప్తాము.

మూడో ఫోటోలో ఉన్నది పోర్టికో. ఉదయం ఏడున్నర ప్రాంతంలో తీసి ఉంటుంది. మన హాలు తూర్పు ముఖం కదా. ముందుకు వాలుగా చాచిన ఆ సిమెంటు పలక నీడ గోడ మీద కత్తిరించినట్టు ఒకే గీతగా పడింది. ఆ గీత సరిగ్గా తలుపు మూలకు వచ్చి ఆగింది. అది ఏదో అనుకోకుండా పడింది కాదు, 1970 ప్రాంతంలో కట్టినవాళ్ళు లెక్క పెట్టి పెట్టిందే. అయిదో ఫోటోలో జాలీ గోడ. మనం చిన్నప్పుడు కాళ్ళు దూర్చి ఎక్కి తిట్లు తిన్న గోడ అదే. చదరం లోపల చదరం, దాని లోపల ఒక గుండ్రం. ఎండ వాటి లోపల నుంచి దూరి మొజాయిక్ నేల మీద అదే గోడను ఇంకొకసారి పరిచినట్టు ఉంది. ఎనిమిదో ఫోటోలో మేడ మెట్లు. కింద ఆనుకునే గోడ లేకుండా, ఒక పక్క నుంచి బయటికి వచ్చిన పలకలు. పిల్లలుగా ఆ మెట్ల కింద దాక్కున్నాము గానీ, అవి గాలిలో నిలిచి ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు.

ఇన్నేళ్ళు ఎందుకు కనపడలేదు అంటే, కారణం మనమే. ఇప్పుడు హాలుకు ఉన్న రంగులు లెక్క పెట్టండి. ముందు గోడ గులాబీ, అంచు పచ్చ, స్తంభాలు ఊదా, జాలీ గోడకు బంగారు రంగు. ఒక్కొక్క కమిటీ వచ్చినప్పుడు ఒక్కొక్క రంగు. దాని మీద దాతల పేర్ల పలకలు, ఫ్లెక్సీ బోర్డులు, సీరియల్ లైట్లు కట్టే కొక్కేలు. రంగు ఇన్ని మాటలు మాట్లాడేటప్పుడు ఆకారం మాట వినపడదు. నలుపు తెలుపులో గులాబీ, పచ్చ, ఊదా అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. మిగిలేది అంచు, లోతు, వెలుగు, నీడ. అంటే మేస్త్రీ వదిలిపోయిన రోజున కట్టడం ఎలా ఉండెనో అది. ఇట్లాంటి కట్టడాలకు ఈ రకం ఫోటో ఎందుకు నప్పుతుందో అప్పుడు మాకు అర్థమయింది. గోపురానికి వేయి బొమ్మలు ఉంటాయి, రంగు తీసినా చూడటానికి కథ ఉంటుంది. ఈ సిమెంటు కట్టడాలకు బొమ్మ లేదు, తీగ లేదు, ఏనుగు లేదు. గీతే వాటి నగ, నీడే వాటి రంగు.

అట్లాంటి కట్టడాలు మనకు కొత్త కాదు. మద్రాసులో పెరిగినవాళ్ళకు మౌంట్ రోడ్డు ఎల్ఐసీ తెలియకుండా ఉంటుందా? 1959లో తెరిచినారు. అప్పుడు దేశంలోనే ఎత్తయిన కట్టడం అని చెప్పుకునేవాళ్ళు. పల్లెటూరి హీరో పట్నం వచ్చినాడు అని చెప్పాలంటే సినిమాలో మొదట సెంట్రల్ స్టేషను, తరువాత ఎల్ఐసీ. తమిళ సినిమా అయినా, ఇక్కడే తీసిన తెలుగు సినిమా అయినా అంతే. ఆ నలుపు తెలుపు తెర మీద తలెత్తి చూసినప్పుడు, నిట్టనిలువు గీతలతో అది ఆకాశం దాకా పోయినట్టు ఉండేది. 1975లో దానికి నిప్పు అంటుకున్నప్పుడు ఊరంతా మాట్లాడుకున్నది. అప్పుడు మేము చదువుకునే పిల్లలము. అది కాలిపోతే మద్రాసే పోతుందని ఏడ్చినవాళ్ళను చూసినాము. సిమెంటు డబ్బా కోసం ఎవరైనా ఏడుస్తారా? ఏడ్చినారు. ఎందుకంటే దాన్ని అందరూ చూసి ఉన్నారు, తెర మీద పదే పదే చూసి ఉన్నారు. చూసినదాని మీదే ప్రేమ వస్తుంది. బాగుచేసినారు, ఇప్పటికీ నిలబడి ఉంది.

చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఢిల్లీ సంగతి ఒకటి ఉంది. ఇందులో మా తప్పు కూడా ఉంది.

1980ల్లో రైల్వే పాసు మీద, జీటీ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు ప్రయాణం చేసి ఢిల్లీ పోయినాము. నవంబరు, ట్రేడ్ ఫేర్ జరుగుతోంది. ప్రగతి మైదానంలో ఒక పెద్ద హాలు, హాల్ ఆఫ్ నేషన్స్. లోపల తిరిగినాము. అప్పడాల యంత్రం చూసినాము, ఒక స్వెటరు బేరం చేసినాము, పిల్లవాడు తప్పిపోతే వెతుక్కున్నాము. బయటికి వచ్చినాము. అన్ని గంటలు లోపల ఉండి ఒక్కసారి కూడా తలెత్తి పైకప్పు చూడలేదు.

అది ఏమిటో ఎన్నో ఏళ్ళ తరువాత ఒక పుస్తకంలో ఫోటో చూసి తెలుసుకున్నాము. 1972లో, స్వతంత్రం వచ్చి ఇరవై అయిదేళ్ళు అయిన సందర్భంలో, ఆసియా 72 అనే అంతర్జాతీయ ప్రదర్శన కోసం కట్టినారు. రూపం గీసినది రాజ్ రేవాల్, బలం లెక్క కట్టిన ఇంజనీరు మహేంద్ర రాజ్. పై కొన కోసేసిన పిరమిడ్ ఆకారం. లోపల 70 మీటర్లకు పైన ఎక్కడా స్తంభం లేదు. ముక్కోణాలను ముక్కోణాలకు కలుపుకుంటూ అల్లిన చట్రం అది. ఇంకో దేశంలో అయితే ఇనుముతో బిగించి ఉంటారు. మన దేశంలో అప్పుడు ఇనుము ప్రియం, చేతిపని చవక. అందుకని ఆ చట్రాన్ని మొత్తం కాంక్రీటుతో, అక్కడికక్కడే సెంట్రింగ్ కట్టి పోసినారు. చట్రం మధ్య ఖాళీలే ఎండను ఆపేది, గాలిని వదిలేది. మన జాలీ గోడ చేసే పనే, కాకపోతే పెద్ద ఎత్తున.

ఢిల్లీలో మదన్ మహట్టా అనే ఫోటోగ్రాఫర్ ఉండేవారు. 1915లో శ్రీనగర్‌లో మొదలైన మహట్టా స్టూడియో కుటుంబం వారిది. స్వతంత్రం తరువాత ఢిల్లీలో లేచిన కొత్త కట్టడాలను, ముప్ఫై ఏళ్ళకు పైగా, నలుపు తెలుపులో తీసినారు. హాల్ ఆఫ్ నేషన్స్ కూడా వాటిలో ఉంది. ఆ ఫోటోలు చూస్తే, మేము స్వెటరు బేరం చేసిన చోటు ఇదేనా అని సిగ్గు వేసింది. ఎండ ఒక పక్క నుంచి పడి, ముక్కోణం ముక్కోణం విడివిడిగా లేచి నిలబడి ఉంది. లోపలి నుంచి తీసిన దానిలో పైకప్పు సాలెగూడు మాదిరి ఉంటుంది, అంత బరువున్నదానికి బరువే లేనట్టు. 2012లో ఢిల్లీలో ఆయన ఫోటోల ప్రదర్శన జరిగింది. దాన్ని రూపు దిద్దినది రామ్ రెహమాన్. ఆయన తండ్రి హబీబ్ రెహమాన్ కూడా ఆ కాలపు పెద్ద ఆర్కిటెక్టే.

2012లో ప్రదర్శన జరిగితే, 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి హాల్ ఆఫ్ నేషన్స్‌ను కూల్చివేసినారు. పెద్ద కన్వెన్షన్ సెంటరు కావాలి, చోటు కావాలి. ఆర్కిటెక్టులు కోర్టుకు పోయినారు, ఇతర దేశాల నుంచి కూడా ఉత్తరాలు వచ్చినాయి. కానీ అరవై ఏళ్ళు నిండని కట్టడం వారసత్వ కట్టడం కిందికి రాదనే లెక్క ఒకటి అడ్డు వచ్చింది. దానికి అప్పుడు నలభై అయిదేళ్ళు. రైల్వేలో మాకు అరవై నిండితే దండ వేసి ఇంటికి పంపినారు. కట్టడానికి మాత్రం అరవై నిండితే తప్ప దండ వేయరు! మన హాలుకు ఇప్పుడు యాభై అయిదు దాటింది. మీరే లెక్క వేసుకోండి.

మాకు బాధ వేసింది కూల్చినందుకు ఒకటే కాదు. దాన్ని తలెత్తి చూసి ఉన్నవాళ్ళు అరిచినారు, చూడని మనలాంటి వాళ్ళు పేపరు తిప్పేసినారు. ఆ ఫోటోలు నలభై ఏళ్ళ ముందే బడి గోడల మీద, రైల్వే స్టేషన్లలో, క్యాలెండర్ల మీద ఉండి ఉంటే అరిచే గొంతులు ఇంకొన్ని ఉండేవేమో. ఇప్పుడు ఢిల్లీకి మిగిలింది ఫోటోలే. అవి గొప్ప ఫోటోలే, కాదనము. అయితే కట్టడం పోయాక చూసే ఫోటోకు, ఉండగా చూసే ఫోటోకు తేడా ఉంది. మొదటిది చూసి ఏడవడమే, రెండోది చూస్తే ఏదైనా చేయవచ్చు.

ఫోటోగ్రాఫర్లను దేవుళ్ళను చేయడం మా ఉద్దేశం కాదు. నలుపు తెలుపు ఫోటోకు కూడా ఒక అబద్ధం ఉంది. అది చెప్పకపోతే మేము ఒక పక్కే చెప్పినట్టు అవుతుంది.

చండీగఢ్ కట్టిన లె కార్బూజియే దగ్గర లూసియన్ ఎర్వే అనే ఫోటోగ్రాఫర్ పని చేసినాడు. పుట్టింది హంగరీలో, ఉన్నది ఫ్రాన్సులో. 1949లో మార్సే పట్టణంలో కార్బూజియే కడుతున్న పెద్ద నివాస భవనాన్ని చూడటానికి పోయి, ఒక్క రోజులో 650 ఫోటోలు తీసినాడు. వాటిని చూసిన కార్బూజియే ఇక వేరే ఫోటోగ్రాఫర్‌ను వెతుక్కోలేదు. 1965లో ఆయన చనిపోయే దాకా ఎర్వేనే తీసినాడు. మన దేశానికి వచ్చి చండీగఢ్, అహ్మదాబాద్ కట్టడాలూ తీసినాడు. ఎర్వే పద్ధతి ఏమిటంటే మొత్తం కట్టడాన్ని చూపడు. ఒక మూల, ఒక మెట్టు, ఒక నీడ. తీసిన ఫోటోను కూడా కత్తెర పట్టుకుని, అక్కరలేనిది కోసి పారేస్తాడు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి ఏరి, చివరికి ఒక గీత, ఒక చీకటి ముక్క మిగులుతాయి. చూస్తే కన్ను తిప్పుకోలేము.

కానీ ఆ కత్తెరకు పోయిందేమిటి? మార్సే భవనంలో బాల్కనీల పక్క గోడలకు ఎరుపు, పసుపు, నీలం రంగులు ఉన్నాయి. చండీగఢ్ హైకోర్టు ముందు నిలబడే పెద్ద స్తంభాలకు పచ్చ, పసుపు, ఎరుపు రంగులు. అసెంబ్లీ పెద్ద తలుపు నిండా రంగుల బొమ్మలు. నలుపు తెలుపు ఫోటోలే చూసి పెరిగినవాళ్ళు కార్బూజియే అంటే బూడిద రంగు సిమెంటే అనుకున్నారు. ఆ ఫోటోలు చూసి ఊరూరా బూడిద రంగు కట్టడాలు కట్టినవాళ్ళూ ఉంటారు. ఇంకోటి, ఆ రకం ఫోటోల్లో మనిషి తక్కువ. ఉన్నా కొలతకు నిలబెట్టిన పుల్ల మాదిరి ఉంటాడు. గోడకు కారిన చెమ్మ కూడా నలుపు తెలుపులో అందంగానే కనపడుతుంది. లోపల ఉండేవాడికి అది అందం కాదు, దగ్గు.

మన హాలుకూ ఇదే వర్తిస్తుంది. ఆ అమ్మాయి ఫోటోలో వంటశాల గోడ మీద మరకలు మబ్బుల మాదిరి ఉన్నాయి. అక్కడ వంట చేసేవాళ్ళను అడిగితే వాన నీళ్ళు ఎట్లా కారుతాయో చెప్తారు. మేడ మీద ఒక చోట సిమెంటు రాలి కమ్మి బయటికి వచ్చింది, తుప్పు పట్టింది. మరుగుదొడ్లు చాలవు. ముసలివాళ్ళకు ఆ గాలిలో నిలిచిన మెట్లు ఎక్కడం కష్టం, మాకే కష్టంగా ఉంది. కల్యాణ మండపం వస్తే అద్దె వస్తుంది, ఆ అద్దెతో పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వచ్చు అంటున్నారు కమిటీవారు. అందులో న్యాయం ఉంది. పెళ్ళికూతురు చెమటతో తడిసిపోతుంటే జాలీ గోడ అందం గురించి మాట్లాడితే ఎవరు వింటారు?

అందుకే ఫోటో బాగుంది కాబట్టి హాలు ఉంచండి అని మేము అనడం లేదు. ఫోటో చూశాకే తేల్చండి అంటున్నాము. ఈ రెంటికీ తేడా ఏమిటో మా ఉద్యోగంలో నేర్చుకున్నాము. పార్సిల్ ఆఫీసులో పని చేసేటప్పుడు ఏదైనా పెట్టె పగిలి, నలిగి వచ్చిందనుకోండి. తీసుకునేవాళ్ళు ఓపెన్ డెలివరీ అడగవచ్చు. పెట్టెను అందరి ముందు తెరిచి, ఉన్నదేమిటి, పోయిందేమిటి, పాడయిందేమిటి అని రాసి, ఆ తరువాతే సంతకం. ముందు సంతకం పెట్టి, ఇంటికి పోయి తెరిచి, అయ్యో అంటే లాభం లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలామందికి ఈ మాట చెప్పినాము. మన హాలు విషయంలో మాత్రం మనమంతా పెట్టె తెరవకుండా సంతకం పెట్టబోతున్నాము.

పుదుచ్చేరి, యానాం సభ్యులకు ఇక్కడ ఒక మాట. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళ వసతి భవనం ఒకటి ఉంది. పేరు గోల్కొండ్. మన గోల్కొండే! హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం నుంచి వచ్చిన విరాళంతో మొదలైంది కాబట్టి, వజ్రాల గోల్కొండ పేరు పెట్టినారు ఆశ్రమం మదర్. 1930ల చివర పని మొదలు పెట్టి, యుద్ధం జరిగిన ఏళ్ళలోనూ ఓపికగా కట్టినారు. జపాన్‌లో పని చేస్తుండిన ఆంటొనిన్ రేమండ్ రూపం గీసినాడు. జార్జ్ నకషిమా అనే ఆయన ఇక్కడే ఉండి పని చూసినాడు. తరువాతి కాలంలో చెక్క సామాన్ల పనిలో లోకమంతా పేరు వచ్చింది ఆయనకు. కార్బూజియే చండీగఢ్‌కు రావడానికి పదేళ్ళ ముందే, అలంకారం లేని కాంక్రీటు కట్టడం మన పక్కనే, మన ఊరి పేరుతో లేచింది. గోడకు బదులు పొడుగునా అడ్డ పలకలు, తెరవవచ్చు మూయవచ్చు. సముద్రపు గాలి లోపలికి వస్తుంది, ఎండ రాదు. నలుపు తెలుపు ఫోటోలో చూస్తే గీతలు గీసిన లెడ్జరు పేజీ మాదిరి ఉంటుంది. గుమాస్తాలకు అంతకన్నా అందమైన పోలిక ఏముంటుంది? ఆశ్రమవాసులు ఉండే చోటు కాబట్టి మన ఇష్టానికి లోపలికి పోలేము. మనకు చూపించేది ఫోటోలే.

ఎందుకు చెప్తున్నాము అంటే, ఈ గీతల కట్టడాలు ఎవరో పరాయివాళ్ళవి, మనకు గోపురాలూ మండపాలూ చాలు అనే మాట సమావేశంలో వస్తుందని తెలుసు. మన హాలును పరాయివాళ్ళు ఎవరూ కట్టలేదు. మన తండ్రులు నెలకు ఇంత అని చందా వేసుకుని కట్టినారు. రైల్వే, మిల్లు, హార్బరు జీతాలు అవి. శిల్పాలు చెక్కించే డబ్బు వాళ్ళ దగ్గర లేదు. సిమెంటు, జల్లి, ఇసుక, కమ్మి, అంతే. ఆ నాలుగింటితోనే, ఒక్క రూపాయి అలంకారానికి పోకుండా, ఎండనూ నీడనూ అలంకారంగా వాడుకున్నారు. మద్రాసు తళం మిద్దెల కింద పుట్టినవాళ్ళు, తమ పిల్లలు కొత్త కాలం మనుషులు కావాలని కొత్త కాలం రూపంలో కట్టినారు. గోపురం పెట్టలేక కాదు, ఇది కావాలని పెట్టినారు. వంటశాలలో అరలకు మాత్రం నల్లటి కడప రాయి. తమిళవాళ్ళు కూడా దాన్ని కడప్పా కల్లు అనే అంటారు కదా. ఊరు వదిలి వచ్చినా ఊరి రాయి మన వెంట వచ్చింది. పదకొండో ఫోటోలో ఆ రాయే ఉంది. అర మీద ఒక్క గిన్నె బోర్లించి ఉంది. ఇంటావిడ దాన్ని చాలాసేపు చూసింది.

ఇక మా సూచనలు నాలుగు.

ఒకటి. సమావేశం రోజున ఆ పన్నెండు ఫోటోలనూ పెద్ద కాగితం మీద వేయించి హాలు గోడలకే పెట్టాలి. ఖర్చు మేము పెట్టుకుంటాము. తీర్మానం చదివే ముందు అందరూ ఒక చుట్టు చుట్టి రావాలి. ఫోటోలో మెట్లు చూసి, తల తిప్పితే అవే మెట్లు ఎదురుగా ఉంటాయి. ఢిల్లీవాళ్ళకు ఇప్పుడు దొరకని అవకాశం అది.

రెండు. ఆ ఫోటోల పక్కనే, కారే కప్పు, తుప్పు పట్టిన కమ్మి, మరుగుదొడ్లు, వీటినీ ఫోటో తీసి పెట్టాలి. రంగులోనే పెట్టండి, తుప్పు తుప్పుగా కనపడాలి. అందం ఒక్కటే చూపి ఓటు అడిగితే మోసం. పాడు ఒక్కటే చూపి అడిగినా మోసమే.

మూడు. కట్టడం బలం చూసే ఇంజనీరు ఒకరిని పిలిచి, హాలు ఎన్నాళ్ళు నిలుస్తుంది, బాగు చేయడానికి ఎంత అవుతుంది అని రాతపూర్వకంగా తీసుకోవాలి. మండపం కట్టే కాంట్రాక్టరును ఈ ప్రశ్న అడిగితే ఏ జవాబు వస్తుందో వేరే చెప్పాలా! దానికి మూడు నెలలు తీర్మానం వాయిదా వేయండి. యాభై అయిదేళ్ళు ఆగింది, మూడు నెలలు ఆగుతుంది.

నాలుగు. ఇది హోసూరు, కోలారు, బరంపురం, సోలాపూరు, యానాం, అన్ని చోట్లా ఉన్న మనవాళ్ళకు. మీ ఊళ్ళో మన పెద్దలు కట్టిన బడి, గ్రంథాలయం, సంఘం ఇల్లు, ఏదైనా ఉంటే ఇప్పుడే ఫోటోలు తీయండి. పెద్ద కెమెరా అక్కరలేదు. ఆ అమ్మాయి ఫోన్‌తోనే తీసింది, అడిగి తెలుసుకున్నాము. ఉదయం ఎనిమిది లోపల, లేకపోతే సాయంత్రం నాలుగు తరువాత తీయాలట. పన్నెండు గంటలకు తీస్తే నీడ కాళ్ళ కిందే ఉంటుంది, గోడ చప్పగా కనపడుతుంది. ఫోన్‌ను పైకి వంచి తీస్తే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. దూరంగా పోయి, వీలైతే ఎదురింటి మిద్దె ఎక్కి, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయాలి. ఫిలిం కాలంలో లెన్సు ముందు పసుపు అద్దమో ఎర్ర అద్దమో పెట్టేవాళ్ళు, నీలాకాశం నల్లబడి తెల్ల గోడ లేచి కనపడటానికి. ఇప్పుడు ఫోన్‌లోనే సర్దుకోవచ్చు. రంగులో తీసి, తరువాత నలుపు తెలుపు చేసి, రెండూ దాచాలి. ఇంకో మాట మేము చేరుస్తున్నాము. నాలుగు ఫోటోలు మనుషులు లేకుండా తీస్తే, నాలుగు మనుషులతో తీయండి. వంట చేసే ఆమెను, ఊడ్చే ఆమెను, మెట్ల మీద కూర్చున్న ముసలాయనను కత్తెరకు బలి ఇవ్వకండి.

మా ఓటు ఎటు అని అడుగుతారు. ఇప్పుడైతే కూల్చవద్దు అనే మా ఓటు. బాగు చేసి, మరుగుదొడ్లు పెంచి, వెనక ఖాళీ స్థలంలో చిన్న ఏసీ గది కట్టి, ముందున్న పోర్టికో, జాలీ గోడ, మెట్లు ఉంచాలని మా ఆశ. ఇంజనీరు వచ్చి, ఇది నిలవదు, మనుషుల మీద పడుతుంది అని రాసిస్తే, మొదట చేయి ఎత్తేది మేమే. ఫోటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోము. అప్పుడు కూడా చూసి, తెలిసి, బాధపడి ఎత్తిన చేయి అవుతుంది. నవ్వు బొమ్మ పెట్టి ఎత్తిన చేయి కాదు.

ఆఖరుగా ఆ అమ్మాయికి. బిడ్డా, మీ ఇంటికి వచ్చి చెప్పినాము, ఇక్కడ అందరి ముందు మళ్ళీ చెప్తున్నాము. నవ్వినందుకు మన్నించు. నలభై ఏళ్ళ క్రితం ఢిల్లీలో తలెత్తి చూడలేదు, ఇప్పుడు సొంత హాలులో కూడా చూడలేదు. నువ్వు చూపించినావు. ఆ పన్నెండు ఫోటోలూ మళ్ళీ గ్రూపులో పెట్టమ్మా. ఈసారి ఎవరైనా "ఫోన్ పాడయిందా" అంటే, జవాబు మేము చెప్తాము.

సమావేశానికి అందరూ తప్పకుండా రండి. పది నిమిషాలు ముందే వచ్చి, పోర్టికో దగ్గర కాసేపు నిలబడండి. ఉదయం పూట పెట్టమని కమిటీని అడిగినాము, ఎండ ఆ పక్క నుంచే వస్తుంది.